దేవుని పాట మోయు బండ్లు



నేటి నా ప్రసంగవిషయము బండ్లు. బండ్లను గూర్చి రేడియోలో చెప్పదగినది ఏమున్నదని మీలో కొందఱకు తోచవచ్చును. ఎద్దుల సత్తువ, ఇరుసునకు కందెన, చక్రమునకు ఇనుపపట్టా మొదలగు విషయములు మీకు నాకన్న బాగుగా తెలియును. నేను చెప్పబూనినది వేఱు సంగతి. దేవుని పాటలు పాడుచు ఊరూర తిరుగు మేళములు పూర్వము ఏ బండ్లమీద వచ్చుచుండెడివి, ఇప్పుడు ఏ విధముగా వచ్చుచున్నవి, ఆ మార్పువలన పాటకును, పాటకానికిని, పిలిచిన ఊరికిని ఏమి కలిగినది అనునదే నా ప్రశ్న. కరీంనగరము, ఆదిలాబాదు సీమలలో ఒగ్గు పూజారులు, చిందు మేళములు, భజన సమాజములు, గోండుల దండారీ బృందములు, క్రైస్తవ గాయకులు, వీరందఱును తిరుగుట వృత్తిగాగాని వ్రతముగాగాని కలవారే. 2016 అక్టోబరులో ఈ రెండు జిల్లాలును చీలి పెక్కు జిల్లాలైనవి. ఐనను మీకును నాకును అలవాటైనవి పాత పేర్లే గనుక వానినే వాడుదును.

ఒక మేళమును ఊరికి పిలుచునపుడు పెద్దలు మూడు ప్రశ్నలు అడుగుదురు. ఏ కథ చెప్పుదురు? ఎందఱు వత్తురు? ఎంత ఇచ్చుకొనవలెను? నాలుగవ ప్రశ్న మాత్రము అరుదుగా వినబడును. వచ్చినవారు రాత్రి ఎక్కడ పండుకొందురు? పాటమేళముల వాహనముల చరిత్రయంతయు ఈ నాలుగవ ప్రశ్నకు ఆయా దేశములవారు ఇచ్చిన జవాబు అని నాకు తోచుచున్నది. ఈ మాటకు తార్కాణములు చూపుటకే ఈ ప్రసంగము.

ముందుగా ఎడ్లబండి. ఎడ్లబండి గంటకు రెండు మూడు మైళ్లకు మించి నడువదు. కావున ఒక ఊరినుండి బయలుదేఱిన మేళము ప్రొద్దుగ్రుంకువఱకు చేఱగలిగినది పొరుగూరికే. చేఱిన తరువాత ఆ రాత్రియే కథ, ఆ రాత్రియే నిద్ర, మఱునాడు ఎద్దులకు మేత, మరల ప్రయాణము. బండి మెల్లగా నడచుటయే పాటకానిని ఊరిలో నిలిపెను. ఒగ్గు కథకులు మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ చెప్పునపుడు ఒక్క రాత్రితో ముగియని కథలెన్నియో కలవు. డోలు, తాళములు, నపీర, చేతిలో ఒగ్గు, ఇంతే వారి సరంజామా. వేములవాడ దగ్గఱ హన్మాజీపేటవాడైన మిద్దె రాములు 2010లో గతించువఱకు ఆ సీమలో ఒగ్గుకథకు పర్యాయపదమైనట్లుండెను. అట్టివాని కథను మొదటినుండి చివరిదాక వినవలెనన్న, వినువానికిని చెప్పువానికిని తొందర ఉండరాదు. బండి తొందరలేనిది, కథయు తొందరలేనిది.

చిందు మేళముల సంగతి కొంత వేఱు. వీరు యక్షగానములాడువారు. ఆడవారును వేషము కట్టుదురు. పొరుగుననున్న నిజామాబాదు జిల్లా అమ్దాపూరుకు చెందిన చిందుల ఎల్లమ్మ 2005లో గతించినది. ఆమె పేరు మీరందఱును వినియుందురు. చిందువారు మాదిగలకు ఆశ్రిత కులము, జాంబపురాణము చెప్పుట వారి హక్కు. ఏ మేళమునకు ఏ ఊళ్లు అనునది తరతరములుగా నిర్ణయమై, మిరాశీ అని పిలువబడుచుండెను. కిరీటములు, భుజకీర్తులు, అద్దములు పొదిగిన కొయ్య ఆభరణములు, అర్దళము డబ్బీలు, హార్మోనియం పెట్టె, పిల్లాజెల్లా, ఇవన్నియు మోయవలసియుండుటచే వీరికి బండి లేనిదే గడువదు. ఇంత సరంజామాతో వచ్చిన మేళము ఊరిలో ఎక్కడ దిగుచుండెను? గ్రామపు నడుమ కాదు. వాడకావల, చెట్టుక్రింద, గుడారములలో. రాత్రి శ్రీకృష్ణుడై కిరీటము పెట్టినవానికి ఊరంతయు నమస్కరించినను, తెల్లవాఱి కిరీటము తీసిన పిమ్మట అతడు త్రాగునీళ్లకై బావిదగ్గఱ దూరముగా నిలువవలసి వచ్చెను. చూడుడు, ఇక్కడ బండి కేవలము వాహనము కాదు. ఊరు చోటియ్యనప్పుడు బండియే ఇల్లు, బండి నీడయే వసారా. ఈ మాటను మనస్సులో ఉంచుకొనుడు, కొంచెము దూరము పోయి మరల దీనికే వత్తును.

మన సీమలో క్రైస్తవ గానమునకును ఎడ్లబండియే మొదటి వాహనము. తెలుగులో క్రైస్తవ కీర్తనలు రచించినవారిలో అగ్రగణ్యుడు పురుషోత్తమ చౌదరి (1803–1890). మన రాగములలో, మన తాళములలో పాడదగిన ఆ కీర్తనలు అచ్చులోనే కాక నోటనోట వ్యాపించినవి. వెస్లియన్ మిషనువారు కరీంనగరము, మెదకు ప్రాంతములలో పనిచేసిరి. మెదకులోని పెద్ద చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. మనకు ఆగ్నేయమున డోర్నకలులో 1912లో బిషపైన వేదనాయకం శామ్యూలు అజరయ్య ఎడ్లబండి మీదను, సైకిలు మీదను పల్లెలు తిరిగినవాడు. చదువురాని పల్లెటూరివారికి పుస్తకముకంటె పాట మేలని గ్రహించి, దేశీయ గానమునకు ఆరాధనలో చోటిచ్చినవాడు. అట్టి బృందములు పగలు బండిలో ప్రయాణము, సాయంత్రము వాడలో పాట, రాత్రి విశ్వాసుల ఇంటనో, బడిలోనో నిద్ర అను పద్ధతిగా నడచుచుండెను. ఎవరి పాకలో పండుకొనిరో వారి పిల్లలకు పాట పట్టుబడెను. నేర్పుటకు వేఱుగా బడి అక్కఱలేకపోయెను.

ఇక సముద్రమావలి కథ యొకటి వినుడు. ఇంగ్లీషులో గాస్పెల్ అనగా సువార్త. అమెరికాలో సువార్త గానము పాడుచు ఊళ్లు తిరుగు బృందములు పెక్కులు కలవు. నల్లజాతివారి బృందములును, తెల్లజాతివారి బృందములును వేఱువేఱుగా వర్ధిల్లినవి. అక్కడ బానిసత్వము 1865లో చట్టప్రకారము అంతమైనది. 1871 అక్టోబరులో టెన్నెసీ రాష్ట్రమందలి నాష్‌విల్ నగరమునుండి ఫిస్క్ అను విద్యాలయమునకు చెందిన గాయకబృందము బయలుదేఱినది. వారిలో పలువురు బానిసలుగా పుట్టినవారే. విద్యాలయము అప్పులలో మునుగుచుండగా పాటలు పాడి ధనము తెచ్చుట వారి ఉద్దేశము. రైలుబండ్లలో తిరిగి, పిమ్మట ఇంగ్లండునకు పోయి, విక్టోరియా రాణి యెదుట పాడి, విద్యాలయమునకు గొప్ప భవనము కట్టించునంత ధనము తెచ్చిరి. కాని తమ దేశములోనే పెక్కు పట్టణములలో హోటలువారు వీరికి గది యియ్యలేదు. సభలో చప్పట్లు, సత్రములో తలుపు మూత. చిందువాని కిరీటము మీకు జ్ఞప్తికి వచ్చినదా?

ఈ తలుపు మూత తరువాత ఎనుబది తొంబది యేండ్లు సాగెను. అక్కడి దక్షిణ రాష్ట్రములలో తెల్లవారి హోటలు వేఱు, భోజనశాల వేఱు, మరుగుదొడ్డి వేఱు. నల్లజాతి యాత్రికులకు ఏ ఊరిలో ఎవరింట బస దొరకునో, ఎక్కడ పెట్రోలు పోయుదురో తెలుపుచు విక్టర్ హ్యూగో గ్రీన్ అను తపాలా ఉద్యోగి 1936లో ఒక చిన్న పుస్తకము వేయసాగెను. అది ఏటేట వెలువడుచు, 1964లో హక్కుల చట్టము వచ్చిన పిమ్మట అక్కఱతీరి ఆగిపోయెను. ప్రఖ్యాత సువార్త గాయని మహేలియా జాక్సన్ పెద్ద కాడిలాక్ మోటారును కొన్నది. అది డంబముకొఱకు కాదు. హోటలులో గది దొరకని రాత్రి అందే పండుకొనుటకును, అందే తినుటకును. సిస్టర్ రోజెటా థార్ప్ (1915–1973) గిటారు వాయించుచు సువార్త పాడిన గాయని. ఆమె తన పేరు వ్రాయించిన బస్సులో తిరిగెను, అందే విశ్రమించెను. ఆమెతో కలిసి కొంతకాలము తిరిగిన తెల్లజాతి గాయకులు భోజనశాల లోనికి పోయి తిని, ఆమెకు తినుటకు బస్సులోనికి తెచ్చి యిచ్చుచుండిరట. పేరు చదివి పరుగెత్తి వచ్చిన జనమునకు ఆ బస్సు వైభవముగా కనబడియుండును. ఆమెకు అది వైభవమో, వెలియో చెప్పుట కష్టము. నా యెఱుకలో రెండును అదియే.

తెల్లజాతి బృందములకు బస్సు వచ్చిన త్రోవ వేఱు. బ్లాక్‌వుడ్ సోదరులు అను నలుగురు గాయకుల బృందము తమ సొంత విమానములో తిరుగుచుండెను. 1954 జూన్ 30న అలబామా రాష్ట్రమందలి క్లాంటన్‌లో ఆ విమానము కూలి, బృందములోని ఇద్దఱు గాయకులు మరణించిరి. మిగిలినవారు ఆకాశయానము మానిరి. మరుసటి యేట ఒక బస్సు కొని, లోపలి ఆసనములు తీయించి, పడకలు కట్టించిరి. గాయకబృందము పండుకొని ప్రయాణించుటకు అనువుగా బస్సును మార్చు యోచన, ఆ బృందములో చేఱిన జే. డీ. సమ్నర్ అను మంద్రస్వర గాయకునిదని ప్రసిద్ధి. నేడు నాష్‌విల్‌లో గాయకులకు ఇట్టి బస్సులను అద్దెకిచ్చుట పెద్ద వ్యాపారము. రాత్రి పాట ముగిసిన వెంటనే వారు ఎక్కి పండుకొందురు. డ్రైవరు రాత్రియంతయు నడుపును. తెల్లవాఱుసరికి మఱియొక రాష్ట్రము. పాడిన ఊరిలో వారు నిద్రింపరు. ఆ ఊరి సూర్యోదయమును చూడరు.

ఈ కథ ఇంత దూరమునుండి తెచ్చుటకు కారణము కలదు. బస్సులో పడక కట్టుట రెండు కారణములచే జరిగినదని మీరు చూచితిరి. ఒకటి, ఊరు తలుపు తీయకపోవుట. రెండవది, పాటకానికి ఊరిలో నిలుచుటకు తీరిక లేకపోవుట. మన సీమలో పాటమేళములకు పడకల బస్సులు లేవు. కాని ఆ రెండు కారణములును మనవద్ద లేవని చెప్పగలమా?

మన బస్సు సంగతి కొంచెము. నిజాము రైల్వేలో భాగముగా రోడ్డు రవాణాశాఖ 1932 జూన్ 15న 27 బస్సులతో, 166మంది ఉద్యోగులతో ఏర్పడెను. అది 1951 నవంబరు 1న రైల్వేనుండి విడివడి హైదరాబాదు రాష్ట్రప్రభుత్వము చేతికి వచ్చెను. 1958 జనవరి 11న రోడ్డు రవాణా సంస్థ ఏర్పడెను. ఈ బస్సు మేళములకు చేసిన ఉపకారము మఱువరానిది. పైకప్పు మీద సామాను కట్టు కటకటాలు, వెనుక ఎక్కుటకు నిచ్చెన ఉన్న పాతకాలపు బస్సులను మీరు చూచియుందురు. డోళ్లును, పెట్టెలును పైకెక్కును, పాటకాండ్రు లోపల కూర్చుందురు. టికెట్టు కొన్నవానిని కులమేదని అడుగు అధికారము కండక్టరుకు లేదు. బావిదగ్గఱ దూరముగా నిలిచినవాడు బస్సులో పటేలుగారి ప్రక్కన కూర్చుండెను. ఇది చిన్న సంగతి కాదు. 2023 డిసెంబరు 9 మొదలు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో తెలంగాణా స్త్రీలకు ప్రయాణము ఉచితమైన పిమ్మట, కోలాటపు కఱ్ఱలు సంచిలో పెట్టుకొని ఒక ఊరి ఆడవారు మఱియొక ఊరి జాతరకు పోవుటకు ఇంటిలో ఎవరిని డబ్బు అడుగవలసిన పని లేకపోయెను. భజన సమాజములు మగవారి సొత్తుగా నుండిన ఊళ్లలో ఇది మంచి మార్పు అని నా అభిప్రాయము.

ఐతే బస్సునకు వేళ కలదు. మేళమునకు వేళ లేదు. కథ తెల్లవాఱుజామున ముగియును, మొదటి బస్సు ఎప్పుడో వచ్చును. అందుచే ట్రాక్టరు, జీపు, ఆటో, వ్యాను వచ్చినవి. ఈ మార్పు పూర్తిగా కనబడు చోటు గోండుల దండారీ. కావున దానిని గూర్చి కొంచెము విస్తరించి చెప్పుదును.

ఆదిలాబాదు అడవులలో దీపావళికి ముందు దినములలో గోండు, కొలాము గూడెములు దండారీ పండుగ చేయుదురు. ముందుగా వాద్యములను ఏత్మాసూర్ దేవతగా పూజింతురు. గుమేలా, పర్రా, తుడుము, పెప్రె సన్నాయి మ్రోయగా బృందము ఒక గూడెము వదలి మఱియొక గూడెమునకు అతిథిగా పోవును. బృందములో గుస్సాడీలు నెమలియీకల పెద్ద కిరీటము ధరించి, ఒడలికి బూడిద పూసికొని, భుజమున చర్మము వ్రేలాడ, చేత కఱ్ఱ పట్టి నర్తింతురు. వీరు పండుగ ముగియువఱకు స్నానము చేయని దీక్షాపరులు. గుస్సాడీ నాట్యమును దేశమంతయు ఎఱుగునట్లు చేసిన మార్లవాయి వాసి కనకరాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటింపబడెను. ఆయన 2024 అక్టోబరులో గతించెను.

దండారీలో ముఖ్యము నాట్యమొక్కటియే కాదు. వచ్చిన గూడెమువారిని ఉన్న గూడెమువారు ఎదురేగి పిలుచుకొని వత్తురు. భోజనము పెట్టుదురు, రాత్రి చోటిత్తురు. ఆట, పాట, నాటకము సాగును. మఱునాడు సాగనంపుదురు. పిమ్మట ఈ గూడెమువారు ఆ గూడెమునకు పోవలెను. అనగా ఇది ప్రదర్శన కాదు, చుట్టఱికము. పెద్దలు పొయ్యిదగ్గఱ కూర్చుండి పిల్లవానికి పిల్లను మాటాడుకొనుటయు ఈ రాత్రులలోనే. అట్టి రాత్రి ఒకటి తీసివేసినచో మిగులునది డప్పుమ్రోత మాత్రమే. మునుపు కాలినడకను, ఎడ్లబండ్లమీదను పోవుటచే ఆ రాత్రి తప్పనిసరి. ఇప్పుడు వ్యాను ఉన్నది. పండుగ దినములలో దండేపల్లి మండలము గుడిరేవులో గోదావరి ఒడ్డున పద్మల్‌పురి కాకో దేవతను దర్శించుటకు దూరదూరపు బృందములు వాహనములలో వచ్చును. ముసలివారును, పసిపిల్లలును రాగలుగుట వాహనము చలువయే. నదిలో మునిగి, పూజచేసి, ఆడి, పాడి, వాహనమెక్కుదురు. ఇది మంచిదే. కాని గూడెమునుండి గూడెమునకు పోవు దండారీకి వ్యాను కట్టినపుడు, భోజనమైన వెంటనే డ్రైవరు హారను కొట్టును. అద్దె లెక్క అతనిది, నెపము లేదు. ఆ హారనుతో చుట్టఱికము సగములో లేచిపోవును.

వాహనమును తెలిసి వదలినవారును ఆ సీమలోనే ఉన్నారు. ఇంద్రవెల్లి మండలము కేస్లాపూరులోని నాగోబా మెస్రం వంశీయుల దేవుడు. పుష్యమాసపు అమావాస్యకు జాతర. దానికి ముందు మెస్రం వారు గోదావరిలోని హస్తినమడుగునకు పాదచారులై పోయి, కలశముతో జలము తెచ్చి, ఆ నీటితో దేవునికి అభిషేకము చేయుదురు. అటు కేస్లాపూరు, ఇటు జన్నారము సీమలోని గోదావరి. నడుమ అడవి, గుట్టలు, పెక్కు దినముల నడక. ఆ త్రోవలో బస్సులు నడుచుచున్నవి; మెస్రం వారిలో మోటారు సైకిళ్లు, కార్లు కలవారు ఉన్నారు. అయినను జలము నడచియే రావలెను. నడుమ గూడెములలో బస చేసి, రాత్రులు గడపి వత్తురు. వంశగాథలు పాడు ప్రధానులు కీకిరి వాయించుచు పూర్వుల కథ చెప్పుదురు. వీరు వాహనమునకు విరోధులు కారు. దేనికి వాహనము పనికివచ్చునో, దేనికి పనికిరాదో తేల్చుకొన్నవారు. జాతరకు చుట్టములు ఏ బండిలోనైన రావచ్చును, జలము మాత్రము కాళ్లమీద రావలెను. నా మట్టుకు నాకు ఈ తేల్చుకొనుటయే ఆ యాత్రలో అన్నిటికంటె గొప్పదిగా కనబడినది.

ఇక అందఱును జాగ్రత్తగా వినవలసిన మాట. దేవునికై పోవు ప్రయాణము గనుక దేవుడే కాపాడునని, సరుకులు మోయు ఆటోలోను, ట్రాక్టరు ట్రాలీలోను ముప్పదిమందిని ఎక్కించుట మన పల్లెలలో వాడుకయైనది. 2018 సెప్టెంబరు 11, మంగళవారము. కొండగట్టు ఘాటుదారిలో జగిత్యాలకు పోవు ఆర్టీసీ బస్సు లోయలో పడి అఱువదిమందికి పైగా మరణించిరి. అందులో నూఱుమందికి పైగా ఎక్కియుండిరి. మృతులలో ఆడవారే ఎక్కువ. ఒక్కొక్క ఊరినుండి ఎన్నియో శవములు ఒక్కనాడు లేచిన ఆ దినము కరీంనగరము సీమవారు మఱువలేరు. సీట్లు కలిగిన బస్సే అట్లయిన, సీట్లు లేని ట్రాలీ మాట చెప్పనేల?

చట్టము సంగతియు తెలిసియుండుట మంచిది. సరుకుల బండిలో ప్రయాణికులను తీసికొనిపోవుట 1988 మోటారు వాహనముల చట్టమునకు విరుద్ధము. అంతేకాదు. సరుకుల బండిలో ఉచితముగా ఎక్కిపోవు వ్యక్తి మరణించినచో పరిహారమిచ్చు బాధ్యత బీమా కంపెనీపై లేదని సర్వోన్నత న్యాయస్థానము ఆశారాణి వ్యాజ్యములో తీర్పు చెప్పెను. పరిహారపు భారము బండి యజమానిపై పడును. ఆ యజమాని మీ ఊరి చిన్నరైతే ఐయుండును. పోయినవాని కుటుంబమును చెడును, బండివాని కుటుంబమును చెడును. ఊరిలో రెండిండ్లు ఆఱిపోవును. ఊరి పెద్దలు ట్రాలీ ఎక్కనీయక నిలుపవలసిన చోట నిలుపుట ఎవరికిని కోపకారణము కారాదు. ఆర్టీసీ బస్సులు పెండ్లిండ్లకు, యాత్రలకు అద్దెకు దొరకును. ముప్పది నలువదిమంది పంచుకొన్న అది ట్రాలీకంటె విశేషముగా ప్రియము కాదు.

అద్దెకు కట్టిన బండిలో ఒక మనిషి ఎప్పుడును లెక్కకు రాడు. అతడు డ్రైవరు. మేళము రాత్రియంతయు పాడును. డ్రైవరు బండిలో పండుకొన్నాడని మనమనుకొందుము. మైకు మ్రోతలో ఎవడు పండుకొనగలడు? పైగా కథ బాగుగా నున్నచో అతడును జనములో కూర్చుండి వినును. తెల్లవాఱుజామున కథ ముగిసి, మంగళహారతి ఇచ్చి, పాటకాండ్రు బండియెక్కి అలసి నిద్రపోదురు. ఆ వేళ మెలకువగా ఉండవలసిన ఒక్కడు ఆ రాత్రి రెప్పవేయనివాడు. అమెరికాలో పడకల బస్సు నడుపువాడు పగలు పండుకొనును. అది అతని ఉద్యోగనియమము. మనవద్ద నియమము వ్రాసినవాడు లేడు గనుక ఊరివారే వ్రాసికొనవలెను.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తును. వచ్చినవారు రాత్రి ఎక్కడ పండుకొందురు? మునుపు చెట్టుక్రింద గుడారము. నేడు పల్లెలలో గ్రామపంచాయతీ భవనములు, సంఘ భవనములు, చర్చి వసారాలు, బడి గదులు కలవు. చిందు మేళమునకైనను, ఒగ్గు మేళమునకైనను, క్రైస్తవ గాయకులకైనను, పొరుగు గూడెపు దండారీకైనను ఒక గది, నాలుగు చాపలు, త్రాగునీరు, ఆడవారికి వేఱుగా గడియపెట్టుకొను చోటు, స్నానమునకు నీళ్లు ఇచ్చుట ఏ ఊరికిని భారము కాదు. చిందువారికి చోటు చూపునపుడు, అది ఊరికి ఏ మూలనున్నదో ఒక్కసారి తిరిగి చూచుకొనుడు. పంచాయతీ భవనమున్నను పాత చెట్టునే చూపు ఊళ్లు నే నెఱుగుదును. వారికి మర్యాదగా వినబడునట్లు చెప్పిన కారణములును వింటిని. తాళముచెవి దొరకలేదనునది వానిలో మొదటిది.

రాత్రి నిలిచిన మేళము మఱునాడు ఉదయము ఊరికేమి ఇచ్చునో దానిని గూర్చియు ఒక్క మాట. పిల్లలు డోలు తాకి చూతురు. తోలు ఎట్లు బిగింతురు, డప్పును మంటకు ఎంతసేపు కాచవలెను, తాళము తప్పినపుడు ఎట్లు కలుపుదురు అని అడుగుదురు. రాత్రి వేదికపైనున్నవాడు ఈ ప్రశ్నలకు జవాబు చెప్పలేడు. ఉదయము వేపపుల్ల నములుచు చెప్పును. మన ఊళ్లలో హార్మోనియము, డోలు నేర్చినవారిని అడిగిచూడుడు. బడిలో నేర్చినవారికంటె ఇట్టి ఉదయములలో మొదటి పాఠము విన్నవారే ఎక్కువగా కనబడుదురు.

కాబట్టి వచ్చు జాతరకు మేళమును పిలుచునపుడు, బయానా ఇచ్చు కాగితముమీదనే నాలుగు సంగతులు వ్రాయించుడు. ఏ బండిలో వచ్చుచున్నారు, అందెందఱు కూర్చుండవచ్చును, రాత్రి బస ఎవరి పూచీ, డ్రైవరు ఏ వేళనుండి ఏ వేళవఱకు నిద్రించును. మేళపు పెద్దతో మాటాడుటకు ముందు బస జూడవలసినవానిని ఊరిలో ఒకనిని ఏర్పఱచుడు. తాళముచెవి ఆ సాయంత్రముననే అతని మొలత్రాటికి కట్టియుండవలెను.